తెలియనివాడి సొమ్ము - తెలిసినవాడి బాధ్యత

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక!

 

ఒకరోజు ఆదోనిలో అస్ర్ నమాజు ముగించుకుని మస్జిద్ వరండాలో కూర్చుని ఉండగా ఒక యువకుడు మా దగ్గరికి వచ్చాడు. ఆదోని, ఎమ్మిగనూరు మధ్య పల్లెల్లో మోటారు సైకిలు మీద తిరిగి పాత ఇత్తడి బిందెలు, రాగి గంగాళాలు, పాత వెండి కొనడం అతని వృత్తి. జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. అందులో తులం బరువుండే ఒక వెండి నాణెం ఉంది. "మౌలానా సాబ్, మీకు ఉర్దూ, ఫార్సీ వచ్చు కదా. దీనిమీద ఏముందో కాస్త చదివి చెప్పండి" అన్నాడు.

మేము దాన్ని వెలుగులోకి తిప్పి చూశాము. ఔరంగజేబు కాలం నాటి రూపాయి. వెనుకవైపు పాలనా సంవత్సరం, దాని పక్కన టంకశాల పేరు ఉన్నాయి: 'జర్బ్ ఇమ్తియాజ్‌గఢ్'. అంటే మన ఆదోనే! 1688లో సిద్దీ మసూద్ ఖాన్ చేతినుండి ఆదోని కోట మొగలుల వశమైన తర్వాత ఈ ఊరికి పెట్టిన పేరది. సిద్దీ మసూద్ ఖాన్ కట్టించిన షాహీ జామియా మస్జిద్ నేటికీ ఇక్కడ నిలిచి ఉంది. ఆ రోజుల్లో నాణెం కంటే అచ్చు పెద్దదిగా ఉండేది గనుక చాలా నాణేలమీద ఊరి పేరు అంచు బయటికి పోయి సగమే పడుతుంది. ఈ నాణెం మీద పేరు పూర్తిగా పడింది. అలాంటి వాటికి నాణేలు సేకరించేవారు ఎక్కువ ధర ఇస్తారు.

అతని ముఖం వెలిగిపోయింది. బెంగుళూరులో ఒక పెద్దమనిషి, పేరు స్పష్టంగా ఉంటే తాను పెట్టిన దానికి ఇరవై రెట్లు ఇస్తానన్నాడని చెప్పాడు. "ఎంతకు కొన్నావు నాయనా?" అని అడిగాము. "వెండి తూకానికి" అన్నాడు. "ఎవరి దగ్గర?" అంటే, ఎమ్మిగనూరులో ఒక ముసలి అవ్వ దగ్గర అన్నాడు. మగ్గం నేసిన ఇల్లట. ఇప్పుడు మగ్గం లేదు, మనిషి కూడా తోడు లేడు. అత్తగారు ఇచ్చిన పెట్టెలో అడుగున ఉన్నదాన్ని తీసుకొచ్చి ఇచ్చిందట.

"ఆమె నిన్నేమైనా అడిగిందా?" అన్నాము. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నేల చూస్తూ, "'ఇదేమన్నా విలువైందా నాయనా?' అని అడిగింది. 'పాత వెండి అవ్వా' అన్నాను. అబద్ధం చెప్పలేదు మౌలానా, అది పాత వెండే కదా. ఆమె ఒప్పుకునే ఇచ్చింది. ఈ డబ్బు నాకు హలాలేనా?" అన్నాడు.

మేము ఆ పూట అతనికి సమాధానం చెప్పలేదు. ఎందుకంటే ఆ ప్రశ్న అతనొక్కడిది కాదు. ఆ నాణెం మీది అక్షరాలు చదివి దాని విలువ పెంచింది మేమే గనుక, అందులో మా వంతు కూడా ఉందనిపించింది. ఈ నెల ఆ విషయమే మీ ముందుంచుతున్నాము.

నాణేలతో ఆగే మాట కాదు

ఇది నాణేలు సేకరించే నలుగురికి సంబంధించిన మాట అని ఎవరూ అనుకోవద్దు. మన పశ్చిమ కర్నూలు ప్రాంతంలో తొలకరి పడగానే ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర పొలాల్లో వానకు మట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి. వజ్రం దొరుకుతుందేమోనని చుట్టుపక్కల జిల్లాలనుండి కూడా కూలీలు, రైతులు పిల్లాపాపలతో వచ్చి వంగిన నడుము ఎత్తకుండా వెదుకుతారు. దొరికినవాడికి అది రాయో వజ్రమో కూడా సరిగా తెలియదు. దాని బరువు, రంగు, లోపలి మచ్చ చూసి ధర చెప్పగలిగినవాడు కొనే వ్యాపారి ఒక్కడే. 2019 వానాకాలంలో మన జిల్లాలో ఒకరు తమకు దొరికిన వజ్రాన్ని పదమూడున్నర లక్షల రూపాయలకు, ఐదు తులాల బంగారానికి ఇచ్చేశారని పత్రికలు రాశాయి. ఆ ధర న్యాయమో కాదో మేము చెప్పలేము. చెప్పదలచుకున్నది ఒక్కటే: అమ్మినవారి చేతిలో ఆ ధరను పరీక్షించుకునే సాధనం ఏదీ లేదు.

అలాగే పత్తి సంగతి. ఆదోని యార్డులో ఈరోజు క్వింటాలు ఎంత పలికిందో తెలియని రైతు దగ్గర, పొలం గట్టుమీదే నిలబడి బేరం చేసేవారు ఉన్నారు. తాతల నాటి జరీ చీరను పాత బట్టగా కొనేవారు, చేతిరాత గ్రంథాన్ని చిత్తు కాగితంగా తూచేవారు ఉన్నారు. వస్తువు మారుతుంది గాని విషయం ఒకటే. ఒకడికి తెలుసు, ఇంకొకడికి తెలియదు. తెలిసినవాడు తెలియనివాడి అజ్ఞానానికి ధర కట్టి కొనుక్కోవచ్చా?

పరస్పర అంగీకారం అంటే ఏమిటి?

విశ్వాసులు ఒకరి సొమ్ము మరొకరు అన్యాయంగా తినరాదనీ, పరస్పర అంగీకారంతో జరిగే వ్యాపారం ద్వారా మాత్రమే తీసుకోవాలనీ దివ్య ఖుర్ఆన్ ఆదేశిస్తోంది (అన్-నిసా: 29). మన యువకుడు చూపిన ఆధారం ఇదే: "ఆమె ఒప్పుకుంది."

నిజమే, ఒప్పుకుంది. కాని దేనికి ఒప్పుకుంది? తులం పాత వెండిని అమ్మడానికి ఒప్పుకుంది. మూడు వందల ఏళ్ల నాటి అరుదైన నాణేన్ని తూకానికి ఇవ్వడానికి ఆమె ఎన్నడూ ఒప్పుకోలేదు. అలాంటిదొకటి తన పెట్టెలో ఉన్నట్లే ఆమెకు తెలియదు. నోరు 'సరే' అన్నంత మాత్రాన మనసు ఒప్పుకున్నట్లు కాదు. తర్వాత సంగతి తెలిసినప్పుడు "అయ్యో, మోసపోయానే!" అని ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంటుందంటే, ఆ రోజు ఆమె ఇచ్చింది అంగీకారం కాదన్న మాట.

షుఐబ్ ప్రవక్త (అలైహిస్సలాం) మద్‌యన్ వాసులకు చేసిన హితబోధ గుర్తు చేసుకోండి. కొలతలు, తూనికలు సరిగా ఉంచండని చెప్పి ఆయన అంతటితో ఆగలేదు. ప్రజల వస్తువులను తక్కువ చేయవద్దని కూడా హెచ్చరించారు (అల్-ఆరాఫ్: 85). కొందరు వ్యాఖ్యాతలు ఇక్కడ ఒక సూక్ష్మం చూపుతారు. తక్కెడలో తగ్గించడం ఒక పాపం. ఎదుటివాడి వస్తువు విలువను తగ్గించి చూపడం మరో పాపం. మన యువకుడి తక్కెడ సరిగానే ఉంది. వెండి తూకంలో గురిగింజ ఎత్తు కూడా తేడా లేదు. తగ్గింది తూకంలో కాదు, 'పాత వెండి అవ్వా' అన్న మాటలో.

బిడారును దారిలో ఆపవద్దు

దైవప్రవక్త (స) కాలంలో పల్లెలనుండి సరుకుతో వచ్చే బిడారులు మదీనా సంతకు చేరేవి. కొందరు పట్టణ వ్యాపారులు ఊరి బయటికి ఎదురెళ్లి, సంతలో ధర ఎంతుందో వారికి తెలియకముందే సరుకు కొనేసేవారు. దైవప్రవక్త (స) దీన్ని నిషేధించారు. అలా కొన్నా సరే, సరుకు యజమాని సంతకు వచ్చి ధర తెలుసుకున్నాక ఆ బేరాన్ని ఉంచుకునే లేదా రద్దు చేసుకునే హక్కు అతనికి ఉంటుందని తెలిపారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది.

ఇక్కడ ఆలోచించండి. దారిలో ఎదురెళ్లిన వ్యాపారి అబద్ధం చెప్పాడని హదీసులో లేదు. తక్కెడ తప్పని లేదు. అమ్మినవాడు ఇష్టపడే అమ్మాడు. అయినా ఆ పని నిషేధించబడింది. హనఫీ ధర్మశాస్త్ర గ్రంథం హిదాయా దీని కారణాన్ని వివరిస్తుంది. పట్టణ ప్రజలకు నష్టం జరిగినా, లేక వచ్చినవారికి సంత ధరను మరుగుపరచినా ఆ కొనుగోలు మక్రూహ్. ధర మరుగుపరచడంలో మోసమూ ఉంది, నష్టమూ ఉంది.

ఎమ్మిగనూరు వీధిలో ఆ అవ్వ ఇంటి గడపే ఆ బిడారు దారి. ఆమె ఎన్నడూ సంతకు చేరలేదు. నాణేల సంత ఒకటుందని కూడా ఆమె ఎరగదు.

న్యాయస్థానం వేరు, అల్లాహ్ సన్నిధి వేరు

ధర్మశాస్త్రంలో దీనికొక పేరుంది: 'గబ్నె ఫాహిష్', అంటే ధరలో ఘోరమైన నష్టం. సామాన్లలో ఇరవయ్యో వంతు, పశువుల్లో పదో వంతు, ఇళ్లూ పొలాల్లో ఐదో వంతు మించి తేడా ఉంటే అది ఘోర నష్టమని ఉస్మానియా పాలనలో కూర్చిన 'మజల్లా' స్మృతి లెక్క చెప్పింది. ఇరవయ్యో వంతు ఎక్కడ, ఇరవై రెట్లు ఎక్కడ!

అయితే ఇలాంటి బేరం రద్దవుతుందా? హనఫీ మజ్‌హబ్‌లో ప్రసిద్ధమైన అభిప్రాయం ఇది: మోసపు మాట లేకుండా కేవలం ధర తేడా ఉంటే, అనాథల ఆస్తి, వక్ఫ్ ఆస్తి వంటివి తప్ప, ఖాజీ దాన్ని రద్దు చేయడు. మోసపు మాట తోడైతే నష్టపోయినవాడికి రద్దు చేసుకునే హక్కుంటుంది. ధర తెలియక ఎదుటివాడిని నమ్మి బేరం చేసినవాడికి హన్బలీ పండితులు ఆ హక్కును ఇంకా విశాలంగా ఇచ్చారు.

కొందరు ఇందులో సగం విని సంతోషపడతారు: "చూశారా, ఖాజీ రద్దు చేయడట!" సోదరులారా! ఖాజీ బయటికి కనిపించేదాన్ని బట్టి తీర్పిస్తాడు. ప్రతి బేరాన్నీ తిరగదోడితే సంత నడవదు. కాని మన ఉలమా ఎప్పుడూ రెండు మాటలు చెబుతారు: ఖాజీ ముందు విధి ఏమిటి, అల్లాహ్‌కు, దాసునికి మధ్య విధి ఏమిటి అని. మొదటి దానినుండి తప్పించుకున్నవాడు రెండో దానినుండి తప్పించుకున్నట్లు కాదు.

పైగా మన యువకుడి విషయంలో మోసపు మాట లేదని కూడా చెప్పలేము. ఆమె అడిగింది! సలహా అడగబడినవాడు అమానతుదారు అని దైవప్రవక్త (స) తెలియజేసిన హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. 'ఇదేమన్నా విలువైందా నాయనా?' అని ఆమె అడిగిన క్షణంలో అతను వట్టి కొనుగోలుదారుగా ఉండిపోలేదు, సలహాదారు అయ్యాడు. ఆమె తన అజ్ఞానాన్ని అతని చేతిలో పెట్టింది. దాన్ని అతను తన లాభానికి వాడుకున్నాడు. 'పాత వెండి' అన్నది నిజమే. కాని ఆ నిజాన్ని అతను ఇంకో నిజాన్ని కప్పడానికి వాడాడు. కప్పడానికి వాడిన నిజం అబద్ధానికి సొంత తమ్ముడు.

మన పెద్దలు ఎలా కొన్నారు?

హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) దైవప్రవక్త (స) చేతిలో చెయ్యి వేసి, ప్రతి ముస్లింకూ మేలు కోరతానని ప్రమాణం చేశారు. ఒకసారి ఆయన సేవకుడు మూడు వందల దిర్హములకు ఒక గుర్రాన్ని బేరం చేసి, యజమానిని వెంటబెట్టుకుని వచ్చాడు. జరీర్ (రజి) గుర్రాన్ని చూసి, ఇది మూడు వందలకు మించినది, నాలుగు వందలకు ఇస్తావా అని అడిగారు. అలా తానే వంద వంద పెంచుకుంటూ పోయి ఎనిమిది వందలకు కొన్నారు. కొనేవాడు ధర పెంచడం ఎవరైనా చూశారా? కారణం అడిగితే ఆయన తన ప్రమాణాన్ని గుర్తుచేశారు.

మనం అనుసరించే ఇమామె ఆజమ్ అబూ హనీఫా (రహ్మ) స్వయంగా బట్టల వ్యాపారి. ఒక స్త్రీ పట్టు వస్త్రం తెచ్చి వంద దిర్హములకు అమ్ముతానంది. ఇది అంతకంటే విలువైనదన్నారు ఇమామ్. ఆమె వంద పెంచింది. ఇంకా ఎక్కువే అన్నారు. నాలుగు వందల దాకా వచ్చాక ఆమె, నన్ను ఎగతాళి చేస్తున్నారా అంది. ధర కట్టగల మనిషిని పిలుచుకు రమ్మన్నారు ఇమామ్. అతను వచ్చి చూశాక ఐదు వందలకు కొన్నారు. ఆ స్త్రీకీ మన ఎమ్మిగనూరు అవ్వకూ తేడా ఏముంది? ఇద్దరూ నేత బట్ట ఎరిగిన ఆడవాళ్లే, ఇద్దరికీ ధర తెలియదు. తేడా అంతా ఎదుట కూర్చున్న కొనుగోలుదారులోనే ఉంది.

ఇమామ్ గజాలీ (రహ్మ) ఇహ్యాఉల్ ఉలూమ్‌లో మరో సంఘటన రాశారు. బస్రాలో ఉన్న ఒక తాబయీకి సూస్ పట్టణంనుండి తన సేవకుడి ఉత్తరం వచ్చింది: ఈ ఏడు చెరకు తోటలు దెబ్బతిన్నాయి, చక్కెర కొనిపెట్టమని. ఆయన కొన్నారు. ముప్పై వేలు లాభం వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముప్పై వేలు సంపాదించి, సాటి ముస్లిం మేలు కోరడాన్ని పోగొట్టుకున్నానే అని బాధపడ్డారు. తెల్లవారి అమ్మినవాడి దగ్గరికి వెళ్లి సొమ్ము ముందు పెట్టి సంగతి చెప్పారు. అతను, ఇప్పుడు చెప్పారు కదా, మీకు హలాల్ చేశానన్నాడు. ఆయన తిరిగొచ్చారు. రెండో రాత్రీ నిద్ర పట్టలేదు. అతను మొహమాటపడి వదిలేశాడేమో అన్న అనుమానం పీడించింది. మళ్లీ వెళ్లి, నా మనసు కుదుటపడాలంటే నీ సొమ్ము నీవు తీసుకోవాలని చెప్పి ఇచ్చేశారు.

ఆ రెండో రాత్రి గురించి ఆలోచించండి. ఎదుటివాడు మాఫ్ చేశాడు. పత్రం మీద అంతా సరిగ్గానే ఉంది. అయినా అది మనస్ఫూర్తి మాఫీయా, మొహమాటపు మాఫీయా అని ఆయన వెదికారు. మనం మొదటి రాత్రి కూడా మేలుకోము!

మనం చెప్పుకునే సాకులు

మొదటిది: "నా పరిజ్ఞానం నా కష్టార్జితం. ఊరూరా తిరిగి, పెట్రోలు పోసి, ఏళ్లకేళ్లు నేర్చుకున్నాను. దానికి ఫలం వద్దా?" తప్పకుండా కావాలి. ఇస్లాం లాభానికి శత్రువు కాదు. హజ్రత్ ఉర్వా బారిఖీ (రజి)కి దైవప్రవక్త (స) ఒక గొర్రె కొనమని ఒక దీనారు ఇస్తే, ఆయన దానితో రెండు కొని, ఒకదాన్ని దీనారుకు అమ్మి, గొర్రెనూ దీనారునూ రెంటినీ తెచ్చారు. దైవప్రవక్త (స) ఆయన వ్యాపారంలో శుభం కలగాలని దుఆ చేశారు (బుఖారీ). నీ తిరుగుడుకు, నీ నైపుణ్యానికి, నీవు భరించే నష్టభయానికి లాభం తీసుకో. కాని వైద్యుడు తన చదువుకు ఫీజు తీసుకోవడం వేరు, రోగికి జబ్బు పేరు చెప్పకుండా అతని పొలం రాయించుకోవడం వేరు.

రెండవది: "నేను కాకపోతే ఇంకొకడు కొనేవాడు." తీర్పుదినాన ఆ ఇంకొకడిని వేరుగా ప్రశ్నిస్తారు. నీ పత్రంలో నీ బేరమే ఉంటుంది.

మూడవది పైకి అనరు గాని మనసులో ఉంటుంది: "వారు మనవారు కారు కదా, చదువు లేనివారు కదా." అల్లాహ్ రక్షించుగాక! పూర్వ గ్రంథ ప్రజల్లో కొందరు, నిరక్షరాస్యుల విషయంలో మాపై ఎలాంటి దోషమూ లేదని చెప్పుకునేవారు. అల్లాహ్ ఆ మాటను ఖుర్ఆన్‌లో ఎత్తి చూపి, వారు తెలిసీ తన మీద అబద్ధం కల్పిస్తున్నారని ఖండించాడు (ఆలి ఇమ్రాన్: 75). ఏ జాతి పట్ల ద్వేషమైనా మిమ్మల్ని న్యాయం తప్పించరాదని ఆదేశించాడు (అల్-మాయిదా: 8). మగ్గం మీద బతికిన ఒక హిందూ అవ్వ, తన గడపలోకి వచ్చిన ముస్లిం కుర్రవాడిని 'నాయనా' అని పిలిచి పెట్టె తెరిచింది. మన ధర్మం గురించి ఆమె చదివిన పుస్తకం ఆ కుర్రవాడే.

ఎక్కడ దోషం లేదు?

ప్రతి చవక బేరమూ పాపమని మేము అనడం లేదు. ఇద్దరూ తెలిసినవారే అయి, ఒకడు తొందరగా డబ్బు కావాలని తగ్గించి ఇస్తే దోషం లేదు. వేలంలో, బజారులో వ్యాపారికి వ్యాపారి అమ్మితే, తన సరుకు తెలుసుకోవడం అతని బాధ్యత. ఇద్దరికీ తెలియక కొని, తర్వాత విలువ బయటపడితే కొన్నవాడిపై పాపం లేదు. అయినా అక్కడ కూడా ఉన్నత మార్గమొకటి ఉంది. ఒక వ్యక్తి కొన్న నేలలో బంగారు కుండ దొరికింది. నేను నేలను కొన్నాను గాని బంగారాన్ని కాదని అతను అమ్మినవాడికి తెచ్చి ఇచ్చాడు. నేలతోపాటు అందులోనిదీ అమ్మాను, నాకొద్దు అన్నాడు అతను. చివరికి మధ్యవర్తి, ఒకరి కొడుకుకు మరొకరి కూతురినిచ్చి పెళ్లి చేసి, ఆ బంగారాన్ని వారిపై ఖర్చు చేయమన్నాడు. దైవప్రవక్త (స) ఈ గాథను సహాబీలకు వినిపించారు (బుఖారీ, ముస్లిం). జొన్నగిరి పొలాల మధ్య నివసించే మనకు ఈ గాథ మరీ దగ్గరిది.

మేమూ ఈ పరీక్షకు అతీతులం కాము. విద్యార్థిగా ఉన్నప్పుడు ఆదోని బజారులో ఒక చిత్తు కాగితాల బండి మీద లక్నో నవల్ కిషోర్ ముద్రణాలయపు పాత కితాబు ఒకటి కనిపిస్తే, మిగతా కాగితాలతో కలిపి తూకానికి కొన్నాము. అదృష్టమనుకున్నాము. బండివాడు వ్యాపారే, తూకానికి కొని తూకానికే అమ్మాడు, మమ్మల్ని ఏమీ అడగలేదు. ఖాజీ ముందు దోషం లేదు. కాని ఆ కితాబును మిగతా కాగితాల మధ్య దాచి తక్కెడలో పెట్టింది మా చెయ్యే. ఎందుకు దాచాము? ఏది నీ హృదయంలో గుచ్చుకుంటుందో, ఏది జనానికి తెలియడం నీకు ఇష్టముండదో అదే పాపమని దైవప్రవక్త (స) నిర్వచించారు (ముస్లిం). తర్వాత ఆ బండివాడు మాకు మళ్లీ దొరకలేదు. అతని పేర సదకా ఇచ్చాము. అయినా అతని చేతిలో పెట్టినంత తృప్తి లేదు.

ఆచరణలో ఏం చేయాలి?

కొనేవారికి మా విన్నపాలు ఇవి. అమ్మేవారు తెలియక అమ్ముతున్నారని గ్రహిస్తే, వస్తువు ఏమిటో ముందు చెప్పండి. "అవ్వా, ఇది వట్టి వెండి కాదు, పాత నాణెం. దీనికి వెండికి మించి ధర ఉంటుంది. సరైన ధర నాకూ తెలియదు" అని చెప్పడానికి ఎంత సేపు పడుతుంది? ధర కచ్చితంగా తేలకపోతే, అమ్ముడైన తర్వాత లాభంలో ఇంత వాటా అని ముందే మాట్లాడుకోండి. లేదా అమ్మిపెట్టినందుకు ఇంత కూలి అని నిర్ణయించుకోండి. రెండూ ధర్మసమ్మతమే, రెంటిలోనూ మీ కష్టానికి ఫలం ఉంది. ఒక గీటురాయి ఉంచుకోండి: ఆమె చదువుకున్న కొడుకు పక్కన నిలబడి ఉంటే నేను ఇవే మాటలు, ఇదే ధర చెబుతానా?

దేశ చట్టాన్ని కూడా మరవద్దు. భూమిలో దొరికిన నిధిని జిల్లా కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం ఉంది. వందేళ్లు దాటిన నాణేలు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. వాటితో వ్యాపారానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపరాదు. ఒడంబడికలు నెరవేర్చమన్న అల్లాహ్ ఆదేశంలో మనం ఉన్న దేశపు చట్టబద్ధమైన ఒప్పందాలూ ఉన్నాయి.

అమ్మేవారికి ఒక మాట. ఇంటి పెట్టెలో ఉన్నదాన్ని గడపలోనే అమ్మేయవద్దు. కనీసం ఇద్దరికి చూపండి. తొందరపెట్టేవాడికి అసలే ఇవ్వవద్దు. తరచూ బేరాల్లో మోసపోయే ఒక వ్యక్తికి దైవప్రవక్త (స), బేరం చేసేటప్పుడు 'మోసం ఉండకూడదు' అని ముందే చెప్పమని నేర్పారు (బుఖారీ, ముస్లిం). ఆ మాట మీరూ నేర్చుకోండి.

ఇప్పటికే కొని తిన్నవారి సంగతి ఏమిటి? దీనారు, దిర్హము చెల్లని రోజు రాకముందే, అన్యాయం చేసినవారితో ఇక్కడే లెక్క తేల్చుకోమని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆ రోజు బాకీ పుణ్యాలతో కడతారు. పుణ్యాలు చాలకపోతే ఎదుటివాడి పాపాలు మోస్తారు (బుఖారీ). అమ్మినవారిని వెదకండి. లేకపోతే వారసులకు ఇవ్వండి. ఎవరూ దొరకకపోతేనే వారి పేర సదకా చేయండి.

ఆ యువకుడికి ఇచ్చిన సమాధానం

రెండు రోజుల తర్వాత మేము అతనికి చెప్పింది ఇదే: "నాయనా, ఆమె అడిగినప్పుడు నీవు దాచావు. కాబట్టి ఈ లాభం నీకు శుభ్రం కాదు. వెళ్లి చెప్పు. బేరం ఉంచుకోవడమా, రద్దు చేసుకోవడమా ఆమె ఇష్టం." అతను ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. రెండు జుమాలకు కనిపించలేదు. మేము కఠినంగా మాట్లాడామేమో అనుకున్నాము.

మూడో జుమాకు వచ్చాడు. ఎమ్మిగనూరు వెళ్లాడట. మొదటిసారి వీధి మొదటి దాకా వెళ్లి తిరిగొచ్చేశాడట. రెండోసారి నాణేన్ని ఆమె చేతిలో పెట్టి అంతా చెప్పాడు. అవ్వ చాలాసేపు ఏమీ మాట్లాడలేదట. తర్వాత, "ఆ పొద్దే చెప్పుంటే పోయేది కదా నాయనా" అందట. అంతే. తిట్టలేదు, మెచ్చుకోలేదు. నాణేన్ని పెట్టెలో పెట్టుకుంది. అతను ఇచ్చిన వెండి డబ్బు అప్పటికే మందులకు ఖర్చయిపోయింది. మెల్లగా ఇస్తానంది. సరేనన్నాడు.

"అయితే నీకేం మిగిలింది?" అని అడిగాము. "నా డబ్బు కూడా ఇంకా రాలేదు మౌలానా" అని నవ్వాడు. "కాని ఆ వీధిలో మళ్లీ తిరగగలను."

సోదరులారా! అమ్మేవాడు, కొనేవాడు నిజం చెప్పి, ఉన్నది విప్పి చూపితే వారి బేరంలో బర్కత్ ఉంటుందనీ, దాచి, అబద్ధమాడితే ఆ బర్కత్ తుడిచివేయబడుతుందనీ దైవప్రవక్త (స) శుభవార్తనూ హెచ్చరికనూ కలిపి ఇచ్చారు (బుఖారీ, ముస్లిం). ఇరవై రెట్లు లెక్కపెట్టవచ్చు. బర్కత్‌ను లెక్కపెట్టలేము. కాని అది పోయిన ఇంట్లో ఉన్నవారికి అది పోయిందని తెలుస్తూనే ఉంటుంది.

ఓ అల్లాహ్! మాకు నీవిచ్చిన తెలివిని తెలియనివారికి నీడగా చేయి, వారిమీద విసిరే వలగా చేయకు. హలాల్ కొంచెమైనా దానితో మాకు తృప్తినివ్వు. మేము తెలిసీ తెలియక తీసుకున్న ఇతరుల హక్కులను ఈ లోకంలోనే తిరిగి ఇచ్చే ధైర్యాన్ని, అవకాశాన్ని ప్రసాదించు. ఆమీన్.